రుచి చూడని దప్పళం

మా తమ్ముడు పోయిన రోజు పొద్దున్న మిగతా రోజుల్లాగే మొదలైంది. ఐదింటికి కుళాయి వచ్చింది. బిందెలు నింపుకున్నాను. ముందు రోజు దండెం మీద మరిచిపోయిన తువ్వాలుకి పోర్టులోని ఖనిజం ఎర్రటి ధూళి పట్టింది. దులిపి, మళ్లీ తడిపి ఆరేశాను. హార్బరు వైపు ఏదో ఓడ రెండుసార్లు కూత వేసింది. మా ఆయన నిద్రలోనే అటు తిరిగి పడుకున్నారు.

శనివారం. స్నానం చేసి మడిచీర కట్టుకుని, చిన్న గిన్నెలో పులగం పెట్టాను. ఉప్పు చేతి అందాజుకి వేశాను. రుచి చూడను. దేవుడికి పెట్టకముందు నాలిక మీద వేసుకునే అలవాటు మా అమ్మకి లేదు, నాకూ లేదు. దీపం వెలిగించి, సింహాచలం అప్పన్న పటానికి పువ్వు పెట్టి, గిన్నె దించబోతుంటే ఫోన్ మోగింది. మరదలు.

"వదినా, ఓపాలి వచ్చీండి. ఆయన కుర్చీలోంచి లెగట్నేదంట."

  స్టవ్ ఆపేశాను. మేం మద్దిలపాలెం చేరేసరికి డాక్టరు చూసి వెళ్లిపోయాడు. గుండె ఆగిందన్నారు. అపార్ట్‌మెంట్ గేటు పక్కన వాచ్‌మన్ కుర్చీలో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పాలవాడు పలకరించి, బదులు రాకపోతే చూశాడట. యాభై ఒకటి నిండలేదు.

ఆ రోజు పులగం దేవుడి ముందుకు వెళ్లలేదు.

ఇది చదివేవాళ్లలో వాడి చేతి వంట తిన్నవాళ్లు కొందరైనా ఉంటారు. వాడెవరో మీకు తెలిసి ఉండదు. పెళ్లికి వెళ్లినప్పుడు వంటవాడి పేరు ఎవరూ అడగరు. "ఎవరు వండారో గానీ దప్పళం బాగుంది" అంటారు. ఆ ఎవరో మా తమ్ముడు.

నాన్న పోర్టులో కలాసీ. విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. అమ్మ తొందరగా పోయింది. చెల్లెల్ని, తమ్ముణ్ణి పెంచడం నా పాలు పడింది. తమ్ముడికి గంజి వార్చడం నేర్పింది నేనే. ఆ తర్వాత వాడికి నేను నేర్పింది ఏమీ లేదు. ఎవరో మేస్త్రి వెంట తిరిగి నేర్చుకుని, ముప్పై ఏళ్లు రాకముందే తనే మేస్త్రి అయ్యాడు. ఎనిమిది మంది జట్టు. నేల తవ్వి వేసే గాడిపొయ్యి, దాని మీద మనిషి కూర్చునేంత గుండిగలు. మాఘంలో, వైశాఖంలో వాడు ఇంటికొచ్చి పడుకున్న రోజులు తక్కువ.

వాడు ఉప్పు కొలిచేవాడు కాదు. ఎక్కడికి వెళ్లినా ఒక పింగాణీ జాడీ వెంట వచ్చేది. అందులో రాళ్లుప్పు. గుప్పిట ముంచి తీసి, గుండిగ చుట్టూ తిప్పి వేసేవాడు. తెడ్డుతో కలిపి, పైకి వంగి, కళ్లు మూసుకుని ఆవిరి పీల్చేవాడు. తర్వాత ఇంకో గుప్పిట వేసేవాడు, లేకపోతే జాడీ మూత పెట్టేవాడు. మూత పెట్టాడంటే ఆ కూర అయిపోయినట్టే. వాడు నాలిక మీద వేసుకుని చూడటం నేను ఎన్నడూ చూడలేదు.

ఒకసారి అడిగాను, ఎలా తెలుస్తుందిరా అని.

"ఉప్పు సాలకపోతే ఆవిరి పచ్చిగా ఉంటాదప్పా. సరిపోతే మెత్తబడతాది. నీకు ఎనక్కి తిరక్కుండానే దీపం కొండెక్కిందో నేదో తెలిసిపోదేటి? ఇదీ అలగే."

మా వైపు అక్కని అప్ప అంటాం. వాడు నన్ను రోజుకి ఎన్నిసార్లు అలా పిలిచేవాడో.

ఆ ముక్కు వల్లే కోవెళ్లలో సంతర్పణలకి వాణ్ణే పిలిచేవారు. నైవేద్యం కాకముందు గంటె ఎంగిలి కాకూడదు కదా. రుచి చూడకుండా ఆరువందల మందికి వండి, ఒక్కరి చేతా ఉప్పు అడిగించుకోని మనిషి ఇంకొకరు ఈ చుట్టుపక్కల లేరని కమిటీల వాళ్లే అనేవారు. నాకు అది గర్వంగా ఉండేది. దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా ఉండేది.

కరోనా వచ్చిన మొదటి వేసవి. ముహూర్తాలు చాలా ఉన్నాయి. అన్నీ వాడు ఒప్పుకున్నవే. ఒక్కొక్కరూ ఫోన్ చెయ్యడం మొదలుపెట్టారు. ముందు వాయిదా అన్నారు. తర్వాత, ఇంట్లోనే ఇరవై మందితో కానిచ్చేశాం, ఏమీ అనుకోకండి అన్నారు. ఇరవై మందికి మేస్త్రి ఎందుకు? ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ వాడు ఒకటే జవాబు చెప్పాడు.

"పిల్లలు సుకంగా ఉండాల. అదే పదేలు."

జట్టులో వాళ్లు ఊళ్లకి వెళ్లిపోయారు. కూరలు తరిగే ఆవిడ ఆఖరుది. శ్రీకాకుళం అవతల ఏదో పల్లె. కత్తిపీట మా తమ్ముడి ఇంట్లోనే వదిలి, "మేస్త్రీ, దీనికి తుప్పు పడితే నీ పీక తరుగుతాను" అని చెప్పి వెళ్లింది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో వినబడిన నవ్వు అదొక్కటే.

వాడు రోజూ పొద్దున్నే గుండిగలు వరండాలోకి దొర్లించి, చింతపండు పెట్టి తోమేవాడు. ముందు రోజు తోమినవే. తోమి, బోర్లించి, చూసుకునేవాడు.

"ఎవరి కోసంరా?" అన్నాను ఒక రోజు.

"పెళ్లిళ్లు నేవని ఆటికి తెల్దు కదప్పా."

మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. మా ఇంట్లో నెల మొదటి తారీఖున పింఛను రావడం ఆగలేదు. బియ్యం, పప్పు పంపేదాన్ని. తీసుకునేవాడు, మొహమాటపడేవాడు కాదు. కానీ నా గిన్నె ఖాళీగా తిరిగి వచ్చేది కాదు. ఏమీ లేకపోతే రెండు రెబ్బలు కరివేపాకు వేసి పంపేవాడు.

ఇంట్లో వండి చుట్టుపక్కల వాళ్లకి టిఫిన్లు, భోజనాలు అమ్ముదామని చూశాడు. పది మందికి సాంబారు పెడితే నలభై మందికి అయ్యేది. తగ్గించి వండితే రుచి కుదిరేది కాదు. మూడు వారాలకే మానేశాడు. ఆ సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని అరచెయ్యి చూసుకుంటూ అన్నాడు:

"నా సెయ్యి సిన్నదవట్నేదప్పా."

వాళ్లమ్మాయి డిగ్రీ రెండో ఏడు. ఎవరికీ చెప్పకుండా పరవాడలో మందుల కంపెనీకి వెళ్లి పనిలో చేరి వచ్చింది. మాత్రలు అట్టపెట్టెల్లో సర్దే పని. తెల్లవారకుండా కంపెనీ బస్సు. తమ్ముడు రోజూ దాన్ని బస్సు దాకా దింపి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడేవాడు. చదువు మానేసిందని ఒక్క మాట అనలేదు. అనడానికి తన దగ్గర ఏం ఉంది?

రెండో ఏడాది వాడికే ఆ జబ్బు వచ్చింది. పద్దెనిమిది రోజులు గదిలో ఉన్నాడు. బతికాడు. జట్టులో ఇద్దరు బతకలేదు. లేచి తిరుగుతున్నాడు కదా అని నేను సింహాచలం మెట్లెక్కి మొక్కు తీర్చుకుని, కొండ సంపెంగలు తెచ్చి వాడి చేతిలో పెట్టాను. చిన్నప్పటి నుంచి ఆ పువ్వంటే వాడికి ప్రాణం. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు పెట్టుకున్నాడు.

"బాగుందప్పా" అన్నాడు.

మరదలు లోపలికి వెళ్లాక పువ్వు నా చేతిలోకి తిరిగి ఇచ్చేశాడు.

"నాకేటీ తెలట్నేదు. ఇది పువ్వో కాగితమో తెలట్నేదు. నాలిక కూడా సచ్చిపోనాది. ఎవులికీ సెప్పకు."

"డాక్టరుకి చెప్పావా?"

"వొస్తాదంట. ఎప్పుడో తెల్దంట. ముక్కు నేని వొంటోడ్ని ఎవులు పిలుస్తారప్పా? వొచ్చేదాకా నోరు మూసుకోవాల."

నేను ఎవరికీ చెప్పలేదు. రోజూ దేవుడికి చెప్పాను.

ఏడాది గడిచింది. పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి గానీ పనులు కేటరింగ్ వాళ్లకి పోయాయి. పాత జట్లనే మళ్లీ పిలిచేవాళ్లూ కొందరు ఉన్నారు. అలాంటప్పుడు మా వీధి కోవెలలో సంతర్పణ పెట్టారు. రెండేళ్లుగా ఆగిపోయినది. కమిటీ పెద్దాయన స్వయంగా తమ్ముడి ఇంటికి వచ్చి చెప్పాడు. నాలుగువందల మంది. పెళ్లీడు పిల్లలున్న ఇళ్లవాళ్లంతా ఆ బంతిలో కూర్చుంటారు. ఆ ఒక్క పూట బాగా అయితే వచ్చే ముహూర్తాలకి మళ్లీ పని దొరుకుతుంది. కాకపోతే దొరకదు. ఇది వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

ముక్కు ఇంకా రాలేదు.

పాత జట్టులో ముగ్గురే వచ్చారు. వాళ్లకీ వాడు చెప్పలేదు. పొద్దున్నే గాడిపొయ్యి రాజేశాడు. పులిహోర, చక్రపొంగలి నిభాయించుకున్నాడు. చింతపండు, బెల్లం, ఉప్పు బియ్యం లెక్కన తూచి వేసుకున్నాడు. కూరలూ నీళ్లూ లెక్కకి అందని దప్పళం దగ్గర ఆగిపోయాడు. గుమ్మడి, ముల్లంగి, మునగ, చిలగడదుంప, అన్నీ ఉడికి ఆవిరి లేస్తోంది. ఒక గుప్పిట వేశాడు. వంగాడు. లేచాడు. మళ్లీ వంగాడు. ఎన్ని గుప్పిళ్లు వేశాడో తనకే గుర్తు లేదని అప్పుడు నాకు అర్థమైంది. నేను పువ్వులు కడుతూ అవతల కూర్చున్నాను. వచ్చి, పొయ్యి పక్కన అడ్డంగా కట్టిన టార్పాలిన్ వెనక్కి రమ్మన్నాడు. గంటె చివర నాలుగు చుక్కలు తెచ్చాడు.

"అప్పా. ఒక్క సుక్క. నాలిక మీద ఏసుకుని సెప్పీ."

"నైవేద్యం కాలేదు కదరా."

"అయ్యాక వొడ్డించీడమే కదప్పా. అప్పుడింక ఏటి దిద్దగల్ను?"

నేను గంటె వైపు చూశాను. మడి కట్టుకుని ఉన్నాను. మెడలో తులసిమాల. యాభై ఏళ్లుగా తప్పని నియమం. వాడి ముఖం వైపు సరిగ్గా చూడలేదు. చూస్తే ఏమయ్యేదో.

"దేవుడు చూసుకుంటాడు" అన్నాను.

వాడు తల ఊపాడు. గంటెలోది నేల మీద పోసి, గంటె కడుక్కుని వెళ్లాడు. నేను చూస్తుండగానే జాడీలో గుప్పిట ముంచి, ఇంకొకసారి వేసి, మూత పెట్టాడు.

ఇందులో నన్ను నేను క్షమించుకోలేనిది ఒకటి ఉంది. నైవేద్యానికి కావలసినంత ముందే ఒక గిన్నెలోకి తీసి, మూత పెట్టి, గర్భగుడి దగ్గర ఉంచేస్తే సరిపోయేది. మిగిలింది నేను రుచి చూడొచ్చు. ఏ నియమానికీ దెబ్బ లేదు. ఆ పాటి ఉపాయం ఆ పూట నాకు తట్టలేదు. తర్వాత తట్టింది. తర్వాత రోజూ తట్టింది.

భోజనాలకి బంతి వేశారు. మొదటి ముద్ద పెట్టుకున్నవాళ్లు మంచినీళ్ల కోసం చూశారు. ఎవరూ గొడవ చెయ్యలేదు. ప్రసాదం కదా. కళ్లకి అద్దుకుని తిన్నంత తిని, ఆకులు మడిచేశారు. మడిచిన ఆకుల్లోంచి దప్పళం కారుతూ ఉంది. ఒకాయన చెయ్యి కడుక్కుంటూ కేక వేశాడు:

"మేస్త్రీ, సముద్రం దగ్గరే కదా అని గుండిగలోకి మళ్లించీసినావేటి?"

అందరూ నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు. సాయంత్రం దాకా ఉండి, గుండిగలన్నీ తనే తోముకుని, ఆటోలో వేసుకుని వెళ్లాడు. జాడీ ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఫోన్ రాలేదు. ఒక ఏడాది ముహూర్తాలు పోయాయి, రెండో ఏడాదివీ పోయాయి. వాడికి అపార్ట్‌మెంట్ దగ్గర వాచ్‌మన్ పని మా ఆయన చెప్పి పెట్టించారు. నీలం చొక్కా, ప్లాస్టిక్ కుర్చీ, వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసే పుస్తకం. గేటు తీసి, వేసి, కూర్చునేవాడు. కాళ్లు వాచేవి. ఆయాసం వచ్చేది. చూపించుకోమంటే, సెలవు పెడితే ఇంకొకణ్ణి పెట్టేస్తారు అనేవాడు.

ముక్కు కొద్దికొద్దిగా తిరిగి వచ్చింది. ముందు ఇంగువ తెలిసిందట. ఆ రోజు గేటు వదిలి రోడ్డు దాటి వెళ్లి మరీ నాకు ఫోన్ చేశాడు. తర్వాత ఒకసారి నేను వెళితే, కుర్చీలో కూర్చునే పైకి చూపించి చెప్పాడు:

"మూడో అంతస్తు ఆవిడ తాలింపు మాడ్సీసింది. ఆ పక్కింట్లో పప్పులో ఉప్పు సాల్నేదు. ఎల్లి సెప్తే వాచ్‌మనుకేటి పనంటారు."

ముక్కు వచ్చింది. పని రాలేదు.

ఆ రోజే నేను వాణ్ణి అడిగాను. అడగడానికి అన్నాళ్లు పట్టింది. నేను ఆ చుక్క రుచి చూడాల్సింది కదరా అన్నాను. వాడు పుస్తకంలో ఏదో బండి నంబరు రాస్తున్నాడు. రాయడం పూర్తి చేశాడు.

"నువ్వు తప్పు సేయనేదప్పా. అడగకూడంది నానే అడిగీసినాను. పో, ఎండెక్కిపోతాది."

దహనం అయ్యాక, సాయంత్రం, వాడి ఇంటి వరండాలో కూర్చున్నాం. మరదలు, వాళ్లమ్మాయి, విజయనగరం నుంచి వచ్చిన మా చెల్లెలు, మా ఆయన, నేను. గుండిగలు గోడ వారగా బోర్లించి ఉన్నాయి. పదకొండో రోజు భోజనాల మాట వచ్చింది. మా ఆయన, కేటరింగ్ వాళ్లకి చెప్పేద్దాం, మనవల్ల ఎక్కడవుతుంది అన్నారు.

కూరలు తరిగే ఆవిడ అప్పుడే బస్సు దిగి వచ్చింది. గుమ్మంలోనే ఆగి విన్నది.

"ఏటి బాబూ మీరనేది? ఊరందరికీ వొండినోడికి పేకట్టు కూడెడతారేటి? నా కత్తిపీట ఈ ఇంట్లోనే ఉంది. మిగతావోళ్లకి నాను కబురెట్టీసినాను. బతికున్నోళ్లొస్తారు."



కాసేపటికి వాళ్లమ్మాయి అడిగింది. "మరి ఉప్పెవులేస్తారత్తా?"

 పదకొండో రోజున మొదటి విస్తరి పోయినవాడికి. అది పెట్టేదాకా వంట ఎవరూ ఎంగిలి చెయ్యకూడదు. నైవేద్యం ఎలాగో అదీ అలాగే.

"నేను వేస్తాను" అన్నాను. "వేసి, రుచి చూస్తాను. తమ్ముడి ఆకులో పెట్టకముందే చూస్తాను."

చెల్లెలు నా వైపు తిరిగింది. "నువ్వా అప్పా?"

అప్పుడు చెప్పాను. టార్పాలిన్ వెనక జరిగింది, ఉన్నది ఉన్నట్టు. ఎక్కువ మాటలు పట్టలేదు. మరదలు తల ఎత్తలేదు. ఆమెకి తెలుసు. వాడు ఆ సాయంత్రమే చెప్పాడట. అప్ప దగ్గర ఎప్పుడూ ఈ మాట ఎత్తొద్దని కూడా చెప్పాడట. మూడేళ్లు ఆమె నా ఎదట మామూలుగానే కాఫీ గ్లాసు పెట్టింది.

చెల్లెలు అంది: "అయితే సూడు. ఆడు అడిగినాడు కదా."

అలా నిర్ణయం అయింది. వంట ఆ వరండా ముందే, వాడి గుండిగల్లోనే. దప్పళం తప్పకుండా ఉండాలి. ఉప్పు వాడి జాడీలోదే. వేసేది నేను, రుచి చూసేది నేను. కుదిరిందని నేను చెప్పాకే మొదటి విస్తరి.

మరదలు లేచి వెళ్లి జాడీ తెచ్చి నా ముందు పెట్టింది. సంతర్పణ నుంచి వచ్చాక దాన్ని ఎవరూ తెరవలేదట. మూత బిగుసుకుపోయింది. కూరలు తరిగే ఆవిడ కత్తిపీట చెక్కతో చుట్టూ తట్టి తీసింది. సముద్రపు చెమ్మకి ఉప్పు రాయిలా గడ్డకట్టి ఉంది. మధ్యలో ఒక గుంట. వాడు ఆఖరిసారి గుప్పిట ముంచి తీసినచోట, అంచున నాలుగు వేళ్ల చాళ్లతో, అలాగే గట్టిపడి ఉంది.

చెయ్యి గుప్పిట పట్టి అందులో పెట్టాను. చుట్టూ ఖాళీ మిగిలింది.